పిల్లల మనసు చదివే చదువు... ఖర్చెవరిది?

కిందటి అక్టోబరులో ఒక ఆదివారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. మైపాడు వైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది, ఆరేసిన బట్టలు ఆరే ఆశ లేదు. చేపల పులుసు దించి పక్కన పెట్టానో లేదో ఫోను మోగింది. మా బావగారి పెద్దమ్మాయి, ఇంగ్లండ్ నుంచి.

"పిన్నీ, ఒక మాట అడగాలి. కోప్పడవు కదా?"

ఆ అమ్మాయి ఇంటర్ చదివిన రెండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. పెళ్ళయి వెళ్ళి పదేళ్ళు దాటింది, అక్కడే స్థిరపడ్డారు. అక్కడ మళ్ళీ సైకాలజీ చదివి, ఒక స్కూల్లో టీచరుకు సహాయకురాలిగా చేస్తోంది. ఇప్పుడు ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ శిక్షణకు దరఖాస్తు పెడుతోందట. చదువులో వెనకబడే పిల్లల్నీ, మాట రాని పిల్లల్నీ, బడికి పోనని మొండికేసే పిల్లల్నీ కూర్చోబెట్టుకుని వాళ్ళకు ఎక్కడ అడ్డం పడుతోందో కనిపెట్టే ఉద్యోగం. మూడేళ్ళ డాక్టరేట్. ఫీజు ప్రభుత్వమే కడుతుంది, పైగా బతకడానికి భృతి కూడా ఇస్తుంది. చదువయ్యాక కొన్నేళ్ళు అక్కడి స్థానిక సంస్థల్లో పని చేస్తామని ఒప్పుకోవాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. కిందటేడు పెట్టింది, రాలేదు.

"ఈ పనికి నువ్వెందుకు రావాలనుకుంటున్నావో రాయమంటారు పిన్నీ. పోయినసారి పుస్తకాల్లో మాటలే రాశాను. ఈసారి తమ్ముడి గురించి రాయాలనుంది. రాయొచ్చా?"

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. తమ్ముడంటే మా వాడు. వాడి చిన్నతనంలో ఆ అమ్మాయి మా ఇంట్లో ఏం చూసిందో నాకు తెలుసు. "రెండ్రోజుల్లో చెప్తానే" అని పెట్టేశాను.

ఆ రెండ్రోజులూ నన్ను వేరే ప్రశ్న కూడా పట్టుకుంది. పిల్లాడికి చదువెందుకు రావడం లేదో కనిపెట్టడం కోసం మనిషికి జీతమిచ్చి మరీ చదువు చెప్పించాలని మొట్టమొదట ఎవరికి తోచింది? ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? నేను బి.ఎ. తెలుగు చదివినదాన్ని, సైకాలజీ నాకు తెలియదు. అయినా లైబ్రరీ పుస్తకాలూ, మా పిల్ల పంపిన కాగితాలూ ముందేసుకుని కూర్చుంటే ఒక కథ కనబడింది. ఆ కథలో అడుగడుగునా ఆడవాళ్ళే ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కథ ఒక టీచరమ్మతో మొదలవుతుంది. 1896 మార్చి. అమెరికాలో ఫిలడెల్ఫియా. మార్గరెట్ మాగ్వైర్ అనే బడిపంతులమ్మ తన క్లాసులో ఒక పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని యూనివర్సిటీలో తనకు పాఠం చెప్పే లైట్నర్ విట్మర్ దగ్గరికి వెళ్ళింది. పిల్లాడు మిగతా వాటిలో చురుకే, కానీ మాటలు తప్పుల్లేకుండా రాయలేడు, చదవలేడు. మీరు మనసు గురించి పెద్ద పెద్ద పాఠాలు చెబుతున్నారు కదా, మరి ఈ పిల్లాడి సంగతేమిటని ఆమె ప్రశ్న. విట్మర్ దగ్గర జవాబు లేదు. వెతికితే తేలినదేమంటే, పిల్లాడికి కంటిచూపులో దోషం ఉంది. అద్దాలు పెట్టించి, విడిగా కూర్చోబెట్టి నేర్పితే చదవడం కొంత మెరుగైంది. అదే ఏడు విట్మర్ పెట్టిన క్లినిక్కే ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్ అంటారు. పుస్తకాల్లో పెద్దక్షరాలతో ఆయన పేరుంటుంది. నాకు మాత్రం పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళిన ఆ టీచరమ్మే కళ్ళముందు కదిలింది.

తర్వాత ఫ్రాన్సు. అక్కడ పిల్లలందరూ బడికి రావాలని చట్టం వచ్చాక, కొందరు పిల్లలు మామూలు పాఠం అందుకోలేకపోతున్నారని తెలిసింది. వాళ్ళ కోసం ఏం చెయ్యాలో చెప్పమని 1904లో ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడు ఆల్ఫ్రెడ్ బినే. ఈయన తన ఇద్దరు కూతుళ్ళనే ఇంట్లో ఏళ్ళ తరబడి గమనిస్తూ, వాళ్ళు ఎలా ఆలోచిస్తారో రాసుకున్న మనిషి. 1905లో సిమోన్ అనే డాక్టరుతో కలిసి 30 చిన్న చిన్న పరీక్షలున్న కొలబద్ద తయారు చేశాడు. ఏ పిల్లాడికి విడిగా సాయం కావాలో తెలుసుకోవడానికే అది. బుద్ధి పుట్టుకతో గట్టిపడిపోయిన రాయి కాదని, నేర్పితే పెరుగుతుందని ఆయన చెప్పాడు. 1911లో పోయాడు. ఆ తర్వాత అదే కొలబద్దను పట్టుకుని అమెరికాలో కొందరు వలసొచ్చిన జనాన్నంతా మందమతులని ముద్ర వేశారు. అంతేనమ్మా, కత్తిపీట కూర తరగడానికీ పనికొస్తుంది, వేలు తెగడానికీ పనికొస్తుంది.

1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్ అనే ఆయన్ని బడుల కోసం సైకాలజిస్టుగా పెట్టుకుంది. సగం రోజు ఉద్యోగం. సర్కారు జీతం మీద ఈ పని చేసిన మొదటి మనిషి ఆయనేనని చెబుతారు. ఆయన చనిపోయాక, కవల పిల్లల మీద ఆయన చూపించిన లెక్కలు కల్పితమని పెద్ద గొడవే జరిగింది. ఆ ఉద్యోగం మాత్రం నిలబడింది. మా పిల్ల దరఖాస్తు పెడుతున్నది ఆ ఉద్యోగం వారసత్వానికే.

ఇంతవరకూ ఉద్యోగం సంగతి. మరి చదువుకు డబ్బు?

ఇక్కడ ఇద్దరు స్త్రీలు వస్తారు. అన్నా హార్క్‌నెస్ అమెరికాలో చమురు వ్యాపారంలో కోట్లు గడించిన కుటుంబంలో వితంతువు. 1918లో ఆమె తన సొమ్ముతో కామన్‌వెల్త్ ఫండ్ అనే నిధి పెట్టింది. ఆ నిధి 1920లలో అమెరికాలో పిల్లల మార్గదర్శక క్లినిక్కులకు డబ్బిచ్చింది. పిల్లలు దొంగతనాలు చేస్తేనో, బడి ఎగ్గొడితేనో శిక్ష వెయ్యడం కాకుండా డాక్టరు, సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త ముగ్గురూ కలిసి కారణం వెతికే చోట్లు అవి. రెండో ఆవిడ ఇంగ్లండులో మిసెస్ సెయింట్ లో స్ట్రాచీ. ఒక పత్రిక సంపాదకుడి భార్య, మేజిస్ట్రేటు కూడా. తన ముందుకొచ్చే పిల్లల కేసులు చూసి చూసి ఉన్న ఆవిడ 1925లో అమెరికా వెళ్ళినప్పుడు ఈ క్లినిక్కులు చూసింది. మా దేశంలో కూడా పెట్టడానికి సాయం చెయ్యమని ఆ నిధిని అడిగింది. దాని ఫలితంగా 1929లో లండన్‌లో క్లినిక్కూ, దానికి అనుబంధంగా శిక్షణా వచ్చాయి. అక్కడ నేర్చుకునేవాళ్ళకు ఆ నిధి నుంచే ఉపకార వేతనాలు.

అంటే ఇవాళ ఇంగ్లండు ప్రభుత్వం కడుతున్న ఫీజుకు వెనక్కి వెళ్ళి వేరు వెతికితే, ఒక ఇల్లాలు వెళ్ళి అడగడం, ఒక వితంతువు పెట్టిన నిధి ఇవ్వడం కనిపిస్తాయి. అడిగినందువల్లే వచ్చింది. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మనం మన పిల్లల కోసం ఏం కావాలో ఎవరినన్నా, ఎప్పుడన్నా అడిగామా?

అడిగినా రాని ఆవిడ కథ కూడా చెప్పాలి. లీటా స్టెటర్. 1886లో అమెరికాలో నెబ్రాస్కా అనే పల్లెటూళ్ళ రాష్ట్రంలో పుట్టింది. డిగ్రీ చదివి టీచరు పని చేసింది. 1908లో, న్యూయార్కులో సైకాలజీ చదువుతున్న హ్యారీ హాలింగ్‌వర్త్‌ను పెళ్ళి చేసుకుంది. అక్కడా టీచరు పనే చేద్దామనుకుంటే, న్యూయార్కు బడుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళకు ఉద్యోగం ఇవ్వరని తెలిసింది. వంట వండింది, బట్టలు కుట్టింది, కథలు రాసి పత్రికలకు పంపితే తిరిగొచ్చాయి. పై చదువుకు స్కాలర్‌షిప్పుల కోసం ప్రయత్నించింది, దొరకలేదు. మొగుడేమో పరిశోధనలు చేస్తుంటే తను ఆ నాలుగు గోడల మధ్య.

చివరికి ఆమె చదువుకు డబ్బు ఎవరిచ్చారో చెబితే నవ్వొస్తుంది. కోకాకోలా! ఆ పానీయంలో కెఫీన్ ఉందని అమెరికా ప్రభుత్వం వేసిన కేసు 1911లో విచారణకు వచ్చింది. కెఫీన్ మనిషి మీద ఎలా పనిచేస్తుందో పరీక్షించమని కంపెనీ హ్యారీకి డబ్బిచ్చింది. ఆ పరీక్షలు దగ్గరుండి జరిపించింది లీటానే. ఆ డబ్బుతో ఆమె కొలంబియాలో చేరింది. 1913లో ఎం.ఎ., 1916లో పిహెచ్.డి. నెలసరి రోజుల్లో ఆడదాని బుర్ర పనిచెయ్యదని అప్పట్లో డాక్టర్లే రాసేవారు. ఆమె కొంతమంది స్త్రీలకూ, పోల్చి చూడటానికి పురుషులకూ కొన్ని నెలల పాటు పరీక్షలు పెట్టి, అలాంటి తేడా ఏమీ కనబడలేదని 1914లో తేల్చింది. తర్వాత జీవితమంతా పిల్లల మీదే పని చేసింది. చదువులో వెనకబడే పిల్లల మీద పుస్తకం రాసింది, మరీ తెలివైన పిల్లల కష్టాలు కూడా మొదట పట్టించుకున్నవాళ్ళలో ఆమె ఒకరు. 1939లో పోయింది.

ఆమె తెలివి ఏ రోజూ తగ్గలేదు. తగ్గింది ఫీజు డబ్బులే. మన ఇళ్ళలో ఎంతమంది లీటాలు ఉన్నారో ఈ రాత చదువుతున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

మన దేశానికి వద్దాం. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం మొదలైంది. 1924లో మైసూరులో. కలకత్తాలో ఎన్.ఎన్. సేన్‌గుప్తా అమెరికాలో చదివొస్తే, మైసూరులో ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో చదివొచ్చారు. బినే కొలబద్ద ఊరికే మన పిల్లలకు పనికిరాదు కదా, దాన్ని మన భాషలకు తేవాలి. లాహోరులో హెర్బర్ట్ రైస్ హిందుస్తానీలోకి తెచ్చారు. ధార్వాడలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చి 1940లో పుస్తకం వేశారు. ఈనాటికీ మన ఆసుపత్రుల్లో పిల్లలకు పెట్టే బినే-కామత్ పరీక్ష అదే. 1937లో బొంబాయిలో టాటాల పేరు మీదున్న సోషల్ వర్క్ స్కూలు వాళ్ళు దేశంలో మొదటి పిల్లల మార్గదర్శక క్లినిక్ పెట్టారు. స్వతంత్రం వచ్చాక 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. 1974లో పక్కనే ఉన్న మానసిక వైద్యశాలతో కలిసి నిమ్హాన్స్ అయింది. 1961లో ఢిల్లీలో ఎన్.సి.ఇ.ఆర్.టి. వచ్చి, బడుల్లో పిల్లలకు మార్గదర్శనం చేసే టీచర్లను తయారుచెయ్యడం మొదలుపెట్టింది. మన వైపు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960లలో కోనేరు రామకృష్ణారావుగారు సైకాలజీ విభాగాన్ని నిలబెట్టారు.

ఇవన్నీ పెద్ద ఊళ్ళ సంగతులు. పెన్న ఒడ్డున, ఉప్పుకయ్యల పక్కన ఉన్న ఇల్లాలికి ఇందులో ఏముంది? ఇక్కడ నాకు మన తెలుగు అమ్మలిద్దరు గుర్తొచ్చారు. వాళ్ళు సైకాలజిస్టులు కారు. అయినా వాళ్ళు లేకపోతే మా ఇంటి ఆడపిల్ల ఇంగ్లండులో దరఖాస్తు నింపేదే కాదు.

ఒకరు మన నెల్లూరు పొణకా కనకమ్మగారు. 1892లో మినగల్లులో పుట్టారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పొట్లపూడికి కోడలిగా వచ్చారు. బడికి వెళ్ళి చదివింది లేదు, ఇంట్లో కూర్చుని తనంతట తానే తెలుగు నేర్చుకుని కవిత్వం రాసేదాకా ఎదిగారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. తనకు దొరకని బడిని ఊళ్ళో ఆడపిల్లలకు కట్టించడం అంటే చిన్న మాటా? ఒకప్పుడు మా అమ్మమ్మ కాలంలో నెల్లూరులో ఆడపిల్లను చదివిస్తున్నారంటే ఆ బడి పేరే ముందు వినబడేది.

రెండోవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదనుకుని బయటికొచ్చారు. కాకినాడ కాంగ్రెసు సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూగారినే గేటు దగ్గర ఆపిన చిన్నపిల్ల ఈవిడే. జైళ్ళకు వెళ్ళొచ్చాక, అందరూ చదువు ముగించే వయసులో మెట్రిక్ కట్టి, బి.ఎ. చదివి, మద్రాసులో లా చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. బడి వయసు దాటిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసేవారు.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ తర్వాతది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆవిడ మొదటి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, పంతులమ్మలు కావాలి. శిక్షణ ఇవ్వడానికి సర్కారు సిద్ధం. కానీ ఆ శిక్షణలో చేరాలంటే ఎనిమిదో, పదో చదివి ఉండాలి. పల్లెల్లో అంత చదివిన ఆడది ఎక్కడుంది? అందుకని 1958లో బోర్డు తరఫున కండెన్స్‌డ్ కోర్సులు పెట్టించారు. మధ్యలో చదువాగిపోయిన పెద్ద వయసు స్త్రీలకు, ఏళ్ళ చదువును రెండేళ్ళకు కుదించి నేర్పి పరీక్షకు కూర్చోబెట్టడం. ఖర్చు బోర్డుది. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, ఊళ్ళో ఏ దిక్కూ లేనివాళ్ళు ఎందరో ఆ మెట్టెక్కి టీచర్లూ నర్సులూ అయ్యారు.

చూశారా, లీటాకు కోకాకోలా డబ్బు దొరకడం అదృష్టం. దుర్గాబాయిగారు ఆ అదృష్టాన్ని ఒక పద్ధతిగా మార్చారు. ఇంట్లో ఉండిపోయిన ఆడదాన్ని ముందు చదివించి, తర్వాత ఆమె చేతిలో ఊరి పిల్లల్ని పెట్టాలి అన్నారు. ఇంగ్లండు వాళ్ళు జీతమిచ్చి సైకాలజిస్టును తయారుచెయ్యడమూ ఇదే ఆలోచన కదా?

ఇక మన పక్కన పిల్లల సంగతి. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లల కోసం జాతీయ సంస్థ వచ్చింది. అక్కడ ప్రత్యేక బోధన టీచర్లకూ సైకాలజిస్టులకూ శిక్షణ ఇస్తారు. దాని కింద పనిచేసే ప్రాంతీయ కేంద్రం ఒకటి ఇప్పుడు మన నెల్లూరులోనే ఉంది. చాలామందికి తెలియదు. 1992లో ఈ శిక్షణలన్నిటికీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది, అందులో నమోదైనవాళ్ళే ఈ పని చెయ్యాలని. ప్రభుత్వ బడుల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చాయి. 2016 చట్టంలో వైకల్యాల జాబితా 21కి పెరిగింది, అందులో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బంది కూడా ఉంది. విశాఖలో నీట్ కోచింగులో చేరిన ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలని చెప్పింది.

తీర్పు వచ్చింది, బాగుంది. అంతమంది మనుషులు ఎక్కడినుంచి వస్తారు? నాకు తెలిసిన దారులు చెబుతాను. ప్రత్యేక బోధనలో డి.ఎడ్., బి.ఎడ్. ఉన్నాయి. టీచర్లయితే ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ళ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది, మనకు దగ్గర మైసూరు. ఇంట్లో ఉండి చదవాలంటే 2025 దాకా ఇగ్నోలో ఎం.ఎ. సైకాలజీ ఉండేది, డిగ్రీలో సైకాలజీ లేకపోయినా చేరనిచ్చేవారు. కానీ ఆ ఎం.ఎ. ఒక్కదానితో ఆసుపత్రి సైకాలజిస్టు అయిపోరు, దానికి ఇంకా పైన శిక్షణ కావాలి. ఆ పై శిక్షణలో స్టైపెండ్ ఇచ్చేది నిమ్హాన్స్ లాంటి కొన్ని చోట్లే, సీట్లు చాలా తక్కువ. ఏ కోర్సులో చేరే ముందైనా రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఆ గుర్తింపు లేకుండా పేపర్లో ప్రకటన చూసి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఇక మా ఇంటి కథ. ఇది రాయకుండా తప్పించుకుందామనే ఇంతసేపూ చరిత్ర చెప్పానేమో.

మా వాడు నాలుగో తరగతికి వచ్చినా చదవలేకపోయేవాడు. 'మ' రాయమంటే 'య' రాసేవాడు. 'ప'కీ 'వ'కీ తేడా తెలిసేది కాదు. నోటితో అడిగితే అన్నీ చెప్పేవాడు. శతకపద్యాలు ఒకటికి రెండుసార్లు వింటే చాలు, గడగడా ఒప్పజెప్పేవాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం ముఖం వాడిపోయేది. బళ్ళో మొద్దబ్బాయని పేరు పెట్టారు. ఆ పేరు వీధిలోకి వచ్చింది. నాకు తలకొట్టేసినట్టుండేది. బి.ఎ. తెలుగు చదివినదాని కొడుక్కి తెలుగు అక్షరాలు రావా!

కొట్టాను. స్కేలుతో, విసనకర్రతో, ఒక్కోసారి చేత్తో. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పుస్తకం తీస్తే చాలు, ఇల్లంతా ఏడుపులు. మా బావగారి అమ్మాయి పక్కగదిలో ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని అంతా వినేది. ఒకరోజు వచ్చి వాణ్ణి నా చేతిలోంచి లాక్కుని డాబా మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఇసుకలో వేలితో రాయించింది, పెద్దపెద్ద అక్షరాలు. వాడు నవ్వడం కిందికి వినబడింది. నాకు ఇంకా కోపమొచ్చింది. చిన్నపిల్ల నాకు నేర్పుతుందా అని.

ఆ మరుసటేడు మండల కేంద్రంలో వైకల్య నిర్ధారణ శిబిరం పెడితే, ఎవరో చెప్పగా మొండిగానే తీసుకెళ్ళాను. మా వాడికి వైకల్యమేమిటి, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయిగా అనుకుంటూ. భవిత కేంద్రం టీచరమ్మ వాడితో అరగంట కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, "మీ అబ్బాయికి తెలివి తక్కువ కాదమ్మా, అక్షరం వాడి కంట్లో నిలబడటం లేదు. కొట్టకండి. ఇసుకలో, పిండిలో రాయించండి, చదివి వినిపించండి" అంది.

ఇసుకలో. ఆ మాట విన్నాక మండల కేంద్రం నుంచి ఇంటిదాకా బస్సులో నేనెలా వచ్చానో నాకే తెలియదు. మొదటి బడిపంతులమ్మ ఫిలడెల్ఫియాలో పిల్లాణ్ణి చెయ్యి పట్టి నడిపించిందని ఇందాక చెప్పాను. మా ఇంట్లో ఆ పని చేసింది పదిహేడేళ్ళ పిల్ల. అమ్మను, నేను చెయ్యలేదు.

వాడిప్పుడు ఇరవైరెండేళ్ళవాడు. తీరంలో ఒక రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తున్నాడు. నీళ్ళలో ఉప్పు శాతం ఎంతుందో, పిల్ల ఎందుకు తేలిపోతోందో చూసి చెబుతాడు. యజమాని వాడి మాటకు విలువిస్తాడు. పేపరు మాత్రం ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు, వేలు పెట్టుకుని.

ఫోను వచ్చిన మర్నాడు రాత్రి వాడు అన్నం తింటుంటే అడిగాను. "అక్క నీ గురించి రాస్తానంటోంది రా. నీ చిన్నప్పటి సంగతి. రాయొద్దంటే రాయదు."

వాడు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. "దేనికంట?"

చెప్పాను. నా లాంటి పిల్లల్ని చూసే చదువా అన్నాడు. అవునన్నాను. సర్కారే డబ్బు కడుతుందా అన్నాడు. అవునన్నాను.

"రాయమను మా. నువ్వు కొట్టింది కూడా రాయమను. అది లేకపోతే వాళ్ళకు అర్థం కాదు."

నేను పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. వాడిది కోపంతో అన్న మాట కాదు. నిజంగానే దరఖాస్తు బాగుండాలని అన్నాడు. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

మా పిల్లకు ఫోను చేసి చెప్పాను, అంతా రాయి, ఏమీ దాచొద్దు అని. అటు వైపు కాసేపు మాట లేదు. "ఇసుక సంగతి నీకు గుర్తుందా పిన్నీ?" అంది. ఆ సంగతి మరిచిపోయే రోజు నాకు రాదన్నాను. దరఖాస్తులో తను ఏం రాసిందో నాకు పంపలేదు, నేనూ అడగలేదు. ఈసారి ఇంటర్వ్యూకు పిలిచారట. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా వచ్చే ఏడు మళ్ళీ పెడతానంటోంది. పెట్టమనే చెప్పాను.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అక్షరం దగ్గర ఏడిచే పిల్లాడుంటే, స్కేలు తియ్యకముందు ఒక్కసారి మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. నెల్లూరు దగ్గరైతే ప్రాంతీయ కేంద్రానికి వెళ్ళండి. అందాకా పళ్ళెంలో కాస్త బియ్యప్పిండి పోసి వేలితో రాయించండి. నాకు పన్నెండేళ్ళ కింద ఈ మాట ఎవరైనా చెబితే బాగుండేదనుకుని, మీకు చెబుతున్నాను.